సైన్స్ ఫిక్షన్ సినిమాకి ఒక్క అబద్ధం ఫ్రీ, రెండోదానికి బిల్లు

ఈ ఎపిసోడ్ ఒక సారీతో మొదలుపెట్టాలి. కొన్నాళ్ళ క్రితం లైవ్‌లో ఒక తమ్ముడు "అన్నా, పాత సైన్స్ ఫిక్షన్ సినిమాలు ఇప్పుడు చూడొచ్చా, బోర్ కొడతాయా?" అని అడిగాడు. నేను చాలా స్టైల్‌గా "చూడు తమ్ముడూ, కాకపోతే 1.5 స్పీడ్‌లో పెట్టుకో" అన్నాను. అందరూ నవ్వే ఎమోజీలు పెట్టారు, నేను కూడా నవ్వాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకు తీసుకుంటున్నానో చెప్పడానికే ఈ ఎపిసోడ్.

ముందే ఒక మాట. నేను ఫిల్మ్ స్టూడెంట్‌ని కాదు, ఫ్యాన్ అని చెప్పుకునేంత సీను కూడా లేదు. బీటెక్ చేసి, నాలుగున్నరేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు మీ ముందు కెమెరా పెట్టుకుని కూర్చున్నాను. సినిమా అంటే నాకు శనివారం రాత్రి, ఒక ప్లేటు మిర్చి బజ్జీ, మధ్యలో రెండు మూడు సార్లు ఫోన్ చూసుకోవడం. సో ఇది క్యాజువల్‌గా చూసేవాడి అభిప్రాయం. స్పాయిలర్లు ఉంటాయి. కానీ ఇవి పది, ముప్పై, యాభై ఏళ్ళ కిందటి సినిమాలు, కాబట్టి నన్ను తిట్టకండి.

2025 ఏప్రిల్‌లో 'ఆదిత్య 369' 4కేలో మళ్ళీ రిలీజ్ అయింది కదా. మా నాన్న అప్పుడు హైదరాబాద్‌లో నా రూమ్‌కి వచ్చి ఉన్నాడు. మాది కడప వైపు. ఆయన ఆ సినిమాని 1991లో, పెళ్ళి కాకముందు, ఫ్రెండ్స్‌తో కలిసి నేల టికెట్‌లో చూశాడట. "పోదాం పారా" అన్నాడు. నేను ఆయన కోసం వెళ్ళాను, సినిమా కోసం కాదు. చిన్నప్పుడు టీవీలో చూసినప్పుడు ఆ 2504 సెట్లు చూసి థర్మాకోల్ అని నవ్విన బ్యాచ్ నేను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. సింగీతం శ్రీనివాసరావు గారి సినిమా, బాలకృష్ణ హీరో, జంధ్యాల మాటలు, ఇళయరాజా సంగీతం. ఒక ప్రొఫెసర్ టైమ్ మెషీన్ తయారు చేస్తాడు, ఆ పాత్ర టిన్నూ ఆనంద్ చేశారు. హీరో హీరోయిన్లు అందులో ఎక్కి 1526కి, శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళ్ళిపోతారు. అక్కడి నుంచి ఇంటికి రావాల్సినవాళ్ళు క్రీస్తుశకం 2504లో తేలతారు. అప్పటికి ప్రపంచయుద్ధం అయిపోయి, పైన రేడియేషన్ ఉండి, మనుషులు భూమి కింద బతుకుతుంటారు. ఈ మొత్తానికి బీజం హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన 'ది టైమ్ మెషీన్' నవల. మూడు కాలాలున్న ఈ కథకి ముగ్గురు కెమెరామెన్ పనిచేశారు: పీసీ శ్రీరామ్, వీఎస్ఆర్ స్వామి, కబీర్ లాల్.

ఇంటర్వెల్‌లో నేను పాప్‌కార్న్ తింటూ, ఇంజనీర్ బుద్ధి ఊరుకోదు కదా, "నాన్నా, అసలు ఆ మిషన్ ఎలా పనిచేస్తుందో ఒక్క ముక్క చెప్పలేదు చూశావా" అన్నాను. ఆయన నా వైపు అదోలా చూశాడు. "రేయ్, అప్పుడు మేము ఆ మిషన్ ఎట్ల పోతాదని అడగల్యా. ఆడికి పోయినాక ఏమైతాదని అడిగినాం" అన్నాడు.

నాకు బుర్రలో బల్బు వెలిగింది. నేను పదేళ్ళుగా ఈ సినిమాలని తప్పు ప్రశ్న వేసుకుంటూ చూస్తున్నాను. "ఇది సాధ్యమా, గ్రాఫిక్స్ బాగున్నాయా, ఫ్యూచర్ కరెక్ట్‌గా ఊహించారా." ఈ మూడు ప్రశ్నలకీ పాత సినిమా ఎప్పుడూ ఫెయిలే అవుతుంది.

ఊహించడం సంగతే చూడండి. 'బ్లేడ్ రన్నర్' 1982లో వచ్చింది, కథ జరిగేది 2019 నవంబర్‌లో, లాస్ ఏంజెలిస్‌లో. ఆకాశంలో కార్లు ఎగురుతుంటాయి. కానీ హీరోకి ఎవరితోనైనా మాట్లాడాలంటే బార్‌లో గోడకున్న ఫోన్ దగ్గరికి వెళ్ళాలి! మనుషుల్లాంటి కృత్రిమ మనుషుల్ని ఊహించారు, ఎగిరే కారుని ఊహించారు, జేబులో ఫోన్‌ని మాత్రం ఊహించలేకపోయారు. మనకేమో ఎగిరే కారు రాలేదు, జేబులో ఫోన్ మాత్రం దిగనే దిగదు. స్టాన్లీ క్యూబ్రిక్ తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో ఒకాయన స్పేస్ స్టేషన్ నుంచి ఇంట్లో ఉన్న చిన్న కూతురికి వీడియో కాల్ చేస్తాడు. 1968 సినిమా అది, మనిషి ఇంకా చంద్రుడి మీద కాలు పెట్టలేదు. కాల్ అయిపోయాక స్క్రీన్ మీద బిల్లు పడుతుంది, 1.70 డాలర్లు. వీడియో కాల్ ఊహించారు, కానీ అది ఫ్రీగా వస్తుందని, దాన్ని మనం ఎత్తకుండా సైలెంట్‌లో పెడతామని ఊహించలేదు. అదే సినిమాలో ఆయన్ని పైకి తీసుకెళ్ళేది పాన్ యామ్ కంపెనీ విమానం లాంటి షటిల్. నిజంగా 2001 వచ్చేసరికి పాన్ యామ్ లేదు, 1991లోనే మూతపడింది.

ఇవన్నీ తప్పులే. అయినా ఆ సినిమాలు బతికే ఉన్నాయి. ఎందుకు?

నాన్న మాట పట్టుకుని నేనొక లెక్క వేసుకున్నాను. సైన్స్ ఫిక్షన్‌కి ఒక్క అబద్ధం ఫ్రీ. "టైమ్ మెషీన్ ఉంది అనుకోండి." సరే, అనుకుంటాం, కూర్చుంటాం. "ఆలోచించే కంప్యూటర్ ఉంది అనుకోండి." సరే. ఆ ఒక్కటి ఇచ్చాక మిగతాదంతా నిజాయితీగా నడవాలి. ఆ అబద్ధం వల్ల ఎవరో ఒకరు ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. కథ ఇరుక్కున్నప్పుడల్లా డైరెక్టర్ జేబులోంచి రెండో అబద్ధం, మూడో అబద్ధం తీస్తున్నాడంటే అక్కడ నా చేయి ఫోన్ మీదకి పోతుంది. కొత్త సినిమాల్లో నాకు చాలాసార్లు జరిగేది ఇదే. గ్రాఫిక్స్ అదిరిపోతాయి, కానీ హీరోకి ఎప్పుడు ఏది కావాలంటే అప్పుడు అది పనిచేస్తుంది. ఇంక టెన్షన్ ఎక్కడిది?

ఇప్పుడు '2001' దగ్గరికి వద్దాం. ఈ సినిమా గురించి నేను జోకులేసిన పాపం చాలా ఉంది. మొదటి 25 నిమిషాలు ఒక్క డైలాగ్ ఉండదు, కోతుల్లాంటి ఆదిమానవులు ఎగురుతుంటారు. బీటెక్‌లో రెండు సార్లు మొదలుపెట్టి రెండు సార్లూ నిద్రపోయాను. ఉద్యోగం చేసిన తర్వాత మూడోసారి చూశాను. అప్పుడు నిద్ర పట్టలేదు, తర్వాత కూడా పట్టలేదు.

కథలో అసలు భాగం ఇది. జూపిటర్ వైపు ఒక షిప్ వెళ్తుంటుంది. ఇద్దరు మెలకువగా ఉంటారు, ముగ్గురు సైంటిస్టులు నిద్రావస్థలో పెట్టెల్లో ఉంటారు. షిప్ మొత్తాన్ని నడిపేది హాల్ 9000 అనే కంప్యూటర్. ఎర్ర కన్ను, మెత్తటి గొంతు. తన సిరీస్ కంప్యూటర్ ఏదీ ఇంతవరకు తప్పు చేయలేదని చెప్పుకుంటుంది. ఒకరోజు, యాంటెన్నా దగ్గరున్న ఒక పార్ట్ 72 గంటల్లో పాడవుతుంది అంటుంది. తీసి చూస్తే దానికేమీ కాలేదు. కంప్యూటర్ తప్పు చెప్పింది. ఇద్దరూ హాల్‌కి వినపడకుండా ఒక చిన్న పాడ్‌లో కూర్చుని, దీన్ని ఆపేయాల్సి వస్తుందేమో అని మాట్లాడుకుంటారు. హాల్ అద్దంలోంచి వాళ్ళ పెదాల కదలిక చదివేస్తుంది. ఆ తర్వాత ఒకర్ని బయట స్పేస్‌లో చంపుతుంది, నిద్రపోతున్న ముగ్గుర్నీ నిద్రలోనే చంపుతుంది.

చాలామంది దీన్ని "కంప్యూటర్‌కి తెలివి ఎక్కువై మనిషి మీద తిరగబడింది" అని చెప్తారు. నేనూ అలాగే అనుకున్నాను. అసలు కారణం 1984లో వచ్చిన సీక్వెల్ '2010'లో, ఆర్థర్ సి. క్లార్క్ నవల్లో ఉంటుంది. కారణం చెప్పేది డాక్టర్ చంద్ర, హాల్‌ని తయారు చేసినాయన. క్లార్క్ నవల్లో ఆయన మన ఇండియన్, పూర్తి పేరు చెప్పాలంటే ఊపిరి బిగబట్టాలి, శివసుబ్రమణ్యన్ చంద్రశేగరంపిళ్ళై. సినిమాలో మాత్రం ఒక అమెరికన్ నటుడితో చేయించేశారు, అది వేరే బాధ.

చంద్ర చెప్పేది ఏంటంటే, హాల్‌ని తయారు చేసిందే సమాచారాన్ని ఉన్నది ఉన్నట్టు, దాచకుండా, వంకర తిప్పకుండా చెప్పడానికి. అది దాని బేసిక్ డిజైన్. తర్వాత పైనుంచి ఇంకో ఆర్డర్ వచ్చింది: ఈ మిషన్ అసలు ఉద్దేశం మెలకువగా ఉన్న ఇద్దరికీ చెప్పొద్దు. నిద్రపోతున్న ముగ్గురికి తెలుసు, హాల్‌కి తెలుసు, రోజూ హాల్‌తో మాట్లాడే ఇద్దరికి తెలియదు. అంటే "నిజమే చెప్పు" అని ఒక ఇన్‌స్ట్రక్షన్, "నిజం దాచు" అని ఇంకో ఇన్‌స్ట్రక్షన్. రెండూ తప్పనిసరి. ఏది ముఖ్యమో ఎవరూ చెప్పలేదు. రెండూ పాటించాలంటే దానికి దొరికిన దారి ఒక్కటే: అడిగేవాళ్ళే లేకపోతే అబద్ధం చెప్పాల్సిన పనే ఉండదు.

మా భాషలో చెప్పాలంటే ఇది కంప్యూటర్ పిచ్చి కాదు, రిక్వైర్‌మెంట్స్‌లో బగ్. కోడ్ కరెక్ట్‌గానే నడిచింది. ఇచ్చిన పనే తప్పు.

ఇది నాకు ఎందుకంత గట్టిగా తగిలిందో కూడా చెప్పాలి. చెప్పాలా వద్దా అని స్క్రిప్ట్‌లో మూడుసార్లు తీసేసి మళ్ళీ పెట్టాను.

నేను పనిచేసిన చోట ఒక క్లయింట్ ఉండేవాళ్ళు. మందుల షాపులకి స్టాక్ పంపించే వ్యాపారం. వాళ్ళ ఏ గోడౌన్‌లో ఏ మందు ఎంత ఉందో ఒక డ్యాష్‌బోర్డ్‌లో చూపించేవాళ్ళం. రాత్రి పూట ఒక జాబ్ నడిచి ఆ లెక్కలు అప్‌డేట్ చేస్తుంది. ఒక గురువారం నుంచి ఆ జాబ్ ఫెయిల్ అవుతోంది. సోమవారం క్లయింట్‌కి పెద్ద డెమో. నాకు వచ్చిన ఆర్డర్ ఏంటంటే, అప్‌డేట్ కాకపోయినా పాత లెక్కే చూపించు, పక్కన గ్రీన్ టిక్ ఉంచు, సోమవారం తర్వాత సరిచేద్దాం. రెండు లైన్ల మార్పు. పెట్టింది నేనే, ఈ చేతులతోనే. టీమ్ డాక్యుమెంట్‌లో మొదటి లైన్ ఏమని ఉండేదో తెలుసా? డ్యాష్‌బోర్డ్ ఎప్పుడూ తాజా లెక్కే చూపించాలి అని.

ఆ మూడు రోజులూ వాళ్ళు ఆ గ్రీన్ టిక్ చూసి ఆర్డర్లు తీసుకున్నారు. లేని స్టాక్ ఉన్నట్టు, ఉన్న స్టాక్ లేనట్టు. కొన్ని షాపులకి మందులు టైమ్‌కి వెళ్ళలేదు. ఎవరికైనా ఏమైనా అయిందా అంటే, నా దాకా అలాంటి వార్త రాలేదు. రాలేదు కాబట్టి కాలేదు అని అనుకోవడం నాకు సుఖంగా ఉంటుంది, అంతే. ఎంక్వైరీలో మాట పడింది మాత్రం నైట్ షిఫ్ట్‌లో ఉన్న సపోర్ట్ అమ్మాయికి. "గ్రీన్ ఉంది కాబట్టి చెక్ చేయలేదు" అని ఆమె చెప్తూనే ఉంది. నేను అదే కాల్‌లో మ్యూట్‌లో ఉన్నాను.

అందుకే ఉద్యోగం మానేశాను అని చెప్తే హీరోలా ఉంటుంది. అందుకు కాదు. ఆ తర్వాత ఇంకో ఎనిమిది నెలలు చేశాను, ఇంక్రిమెంట్ కూడా తీసుకున్నాను. కానీ హాల్‌ని ఆపేసే సీన్ చూసినప్పుడు, ఒక్కొక్క మాడ్యూల్ బయటికి లాగుతుంటే అది భయమేస్తోంది అని మెల్లగా చెప్తుంటుంది కదా, నాకు ఆ కంప్యూటర్ మీద కోపం రాలేదు. ఆ రెండో ఆర్డర్ రాసినవాడు స్క్రీన్ మీద ఎక్కడా కనపడడు, వాడెక్కడ అని వెతికాను. చివర్లో హాల్ ఒక పాత పాట పాడుతుంది. 1961లో బెల్ ల్యాబ్స్‌లో ఐబీఎం 704 కంప్యూటర్‌తో నిజంగా పాడించిన పాట అది. ఆ డెమో క్లార్క్ చూశాడు, అక్కడి నుంచే ఈ సీన్ వచ్చింది. గొంతు బొంగురుపోతూ ఆగిపోతుంది. ఇది 1.5 స్పీడ్‌లో చూస్తే కామెడీ సీన్ అవుతుంది, ట్రై చేయకండి.

ఇదే పాయింట్ మన దగ్గర శంకర్ 'రోబో'లో ఉంది. 2010 సినిమా, అందరం చూశాం, చివరి నలభై నిమిషాల బంతులు, పాములు గుర్తున్నాయి. నాకు ఇప్పుడు గుర్తున్నది మాత్రం మంటల సీన్. బిల్డింగ్ కాలిపోతుంటే చిట్టి లోపలికి వెళ్ళి ఒక్కొక్కరినీ బయటికి తెస్తాడు. స్నానం చేస్తున్న ఒక అమ్మాయిని కూడా అలాగే, బట్టల్లేకుండా, టీవీ కెమెరాల ముందుకి తెచ్చేస్తాడు. ఆ అమ్మాయి సిగ్గుతో పరుగెత్తి బండి కింద పడి చనిపోతుంది. చిట్టికి ఇచ్చిన పని ప్రాణం కాపాడటం. కాపాడాడు. పరువు అనేది ఒకటుంటుందని ఎవరూ రాయలేదు. హాల్‌కి రెండు ఆర్డర్లు ఎక్కువయ్యాయి, చిట్టికి ఒక లైన్ తక్కువైంది. ఆ ఐదు నిమిషాల్లో ఉన్న సైన్స్ ఫిక్షన్ ఆ క్లైమాక్స్ మొత్తంలో లేదు అని నా అభిప్రాయం. తలైవా ఫ్యాన్స్, కామెంట్స్‌లో మెల్లగా.

'హర్' గురించి ఒక్క నిమిషం. 2013లో వచ్చినప్పుడు ఫోన్‌లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌తో ప్రేమేంటి అని నవ్వారు. ఇప్పుడు మనలో ఎంతమంది రాత్రి పూట చాట్‌బాట్‌తో మాట్లాడుతున్నారో మీకే తెలుసు, చేతులెత్తక్కర్లేదు. అందులో హీరో ఒకరోజు ఆమెని అడుగుతాడు, నాతో మాట్లాడుతూ ఇంకెంతమందితో మాట్లాడుతున్నావు అని. 8,316 మందితో అంటుంది. ఎంతమందిని ప్రేమిస్తున్నావు? 641. మెట్రో మెట్ల మీద కూర్చున్న అతని ముఖం చూడండి అక్కడ. సర్వర్ రాసినవాడికి అది మామూలు లెక్కే. ఒకే సర్వర్, వేల మంది యూజర్లు, లోడ్ బాగా తట్టుకుంటోంది అని సంతోషిస్తాం. అతనికి మాత్రం ప్రాణం పోయినట్టుంది. ఫైట్ లేదు, పేలుడు లేదు, రెండు నంబర్లతో సీన్ అయిపోయింది.

సరే, 'ఇంటర్‌స్టెల్లర్'. మీరంతా దీని కోసమే కూర్చున్నారని తెలుసు. 2014 సినిమా, 2025 ఫిబ్రవరిలో ఇక్కడ మళ్ళీ వేస్తే టికెట్లు దొరకలేదు. నేను ఒక్కడినే వెళ్ళాను, మూలన సీటు.

ఇందులో టైమ్ నెమ్మదించడం అనే సంగతి అబద్ధం కాదని చాలామందికి తెలియదు. గ్రావిటీ ఎక్కువున్న చోట గడియారం నెమ్మదిగా నడుస్తుంది, ఐన్‌స్టీన్ ఎప్పుడో చెప్పాడు. దీనికి ప్రూఫ్ మీ చేతిలోనే ఉంది. మీ ఫోన్‌కి లొకేషన్ ఇచ్చే జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. అక్కడ గ్రావిటీ తక్కువ కాబట్టి వాటి గడియారాలు మన గడియారాల కంటే రోజుకి 45 మైక్రోసెకన్లు ముందుకి పోతాయి. అవి వేగంగా తిరుగుతున్నందుకు 7 మైక్రోసెకన్లు వెనక్కి పడతాయి. మొత్తం మీద రోజుకి 38 మైక్రోసెకన్ల తేడా. ఇంతే కదా అనుకోకండి. సిగ్నల్ వెళ్ళేది వెలుగు వేగంతో, సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు. 38 మైక్రోసెకన్లలో 11 కిలోమీటర్లు పోతుంది. ఈ తేడాని ముందే లెక్కేసి సరిచేయకపోతే, ఒక్క రోజులోనే అమీర్‌పేటలో ఉన్న మీ బిర్యానీ ఇంకెక్కడో కనపడుతుంది.

సినిమాలో ఇదే సంగతిని భారీగా పెంచారు. బ్లాక్ హోల్ పక్కనున్న నీళ్ళ గ్రహం మీద ఒక గంట అంటే భూమి మీద ఏడేళ్ళు. నేను కాలిక్యులేటర్ తీశాను. ఏడేళ్ళంటే 2,557 రోజులు. గంటకి 3,600 సెకన్లు. అంటే అక్కడ 1.4 సెకన్లు గడిచేసరికి ఇక్కడ ఒక రోజు అయిపోతుంది. నేను ఇప్పుడు "హలో, బాగున్నారా" అన్నాను చూడండి, మీకు ఒక రోజు పోయింది. ఈ సినిమాకి సైన్స్ సలహాదారు కిప్ థోర్న్, గ్రావిటేషనల్ తరంగాల మీద చేసిన పనికి 2017లో ఫిజిక్స్ నోబెల్ తీసుకున్నాయన. తెలిసిన ఫిజిక్స్ సూత్రాన్ని ఏదీ మీరకూడదు, ఊహ కూడా సైన్స్‌లోంచే పుట్టాలి అని ముందే షరతు పెట్టాడు. నోలన్ ఏడేళ్ళు కావాలంటే, ఆ బ్లాక్ హోల్ దాదాపు తిరగగలిగినంత వేగంతో తిరుగుతుంటే కుదురుతుంది అని లెక్క చేసి ఇచ్చాడు. ఒక్క అబద్ధం అంటే ఇదీ. అది కూడా లెక్క వేసి ఆడిన అబద్ధం.

దాని బిల్లు ఎంత? వాళ్ళు ఆ గ్రహం మీద ఉన్నది మూడు గంటల చిల్లర. షిప్‌కి తిరిగొచ్చేసరికి 23 ఏళ్ళు అయిపోతాయి. కూపర్ కూర్చుని ఇన్నేళ్ళ వీడియో మెసేజ్‌లు ఒక్కసారే చూస్తాడు. కొడుకు పెద్దవాడయ్యాడు, పెళ్ళయింది, బిడ్డ పుట్టాడు, ఇంక మీరు రారు అని మెసేజ్‌లు ఆపేస్తున్నాడు. తర్వాత కూతురు వస్తుంది. తండ్రి వెళ్ళేటప్పుడు ఎంత వయసులో ఉన్నాడో ఆమెకి ఈ రోజు అంత వయసు.

మా నాన్న 2000లో కువైట్ వెళ్ళాడు, డ్రైవర్ పని. మా వైపు ఊళ్ళలో ఇది కొత్తేం కాదు, వీధికి నాలుగిళ్ళలో ఒకరు గల్ఫ్‌లో ఉంటారు. నాకప్పుడు మూడేళ్ళు. రెండేళ్ళకోసారి రెండు నెలలు సెలవు మీద వచ్చేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు నేను అమ్మ వెనక దాక్కుని ఎవరీయన అని అడిగానట. శుక్రవారం ఆయనకి సెలవు, పక్కింటి ల్యాండ్‌లైన్‌కి ఫోన్ వచ్చేది. కార్డులో నిమిషాలు అయిపోతున్నాయని "బాగా చదువుతాండావా" ఒక్కటే అడిగేవాడు, నేను "ఆ" అనేవాణ్ణి. 2013లో పూర్తిగా వచ్చేశాడు. అప్పటికి నేను ఆయన కంటే పొడుగు. ఒకసారి కూర్చుని లెక్కేశాను. పదమూడేళ్ళలో ఆరు సెలవులు, ఒక్కోటి రెండు నెలలు. మొత్తం పన్నెండు నెలలు. మా ఇంట్లో పదమూడేళ్ళు గడిస్తే, మేమిద్దరం ఒకే ఇంట్లో ఉన్నది ఒక్క సంవత్సరం. దానికి బ్లాక్ హోల్ అక్కర్లేదు, వీసా చాలు.

సో ఆ సీన్‌లో థియేటర్‌లో నా పరిస్థితి ఏంటో మీరే ఊహించుకోండి. చివర్లో ఆ పుస్తకాల అల్మరా వెనక జరిగేది, ప్రేమే అన్ని డైమెన్షన్లూ దాటుతుంది అనే మాటలు, అవి నా లెక్కలో రెండో అబద్ధం, మూడో అబద్ధం. అక్కడ నోలన్‌కి బిల్లు వేస్తాను. కానీ ఆ మెసేజ్‌ల సీన్ తీసినందుకు డిస్కౌంట్ కూడా ఇస్తాను.

'కల్కి 2898 ఏడీ' అడుగుతారని తెలుసు. నచ్చింది, థియేటర్‌లో రెండుసార్లు చూశాను, మనవాళ్ళు ఇంత పెద్ద లోకం కట్టడం చూస్తే గర్వంగానే ఉంది. సింగీతం గారు ఆ టీమ్‌కి మెంటర్‌గా ఉన్నారని తెలిసి 'ఆదిత్య 369' నుంచి ఒక దారం వచ్చి కలిసినట్టు అనిపించింది. కలియుగం మొదలైందని చెప్పే క్రీస్తుపూర్వం 3102 నుంచి 2898 వరకు లెక్కేస్తే దాదాపు ఆరు వేల ఏళ్ళు, టైటిల్‌లో నంబర్ ఊరికే పెట్టలేదు. ఆ ఆరు వేల ఏళ్ళూ చావు లేకుండా తిరుగుతున్న అశ్వత్థామ ఉన్నాడే, ఆయనది అసలైన బిల్లు. నా కంప్లైంట్ ఒక్కటే. కాంప్లెక్స్‌లోకి వెళ్ళాలంటే మిలియన్ యూనిట్లు కావాలి అంటారు. ఒక యూనిట్‌కి కాశీలో ఏమొస్తుంది? ఒక పూట అన్నమా, ఒక గ్లాసు నీళ్ళా? అది తెలిస్తే భైరవ ఆశ ఎంత పెద్దదో నాకు తెలిసేది. ఫైట్‌లు ఒక పది నిమిషాలు తగ్గించి ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది. సెకండ్ పార్ట్‌లో చెప్తారేమో చూద్దాం.

ఇంక ఆ లైవ్‌లో అడిగిన తమ్ముడికి. '2001'తో మొదలుపెట్టొద్దు, నిజంగానే నిద్రొస్తుంది. ముందు 'ఆదిత్య 369' ఇంట్లో పెద్దవాళ్ళతో చూడు, తర్వాత 'హర్', ఆ తర్వాత '2001'. దానికి మాత్రం ఫోన్ పక్క గదిలో పెట్టు. స్పేస్‌లో సౌండ్ ఉండదు కాబట్టి అందులో కూడా ఉండదు. ఊపిరి శబ్దం తప్ప ఏమీ వినపడని చోట వాట్సాప్ టింగ్ మంటే మొత్తం పోతుంది. స్పీడ్ నార్మల్.

నాన్న ఇప్పుడు ఊర్లోనే ఉన్నాడు. 'ఆదిత్య' చూసొచ్చాక "ఇట్లాంటివి ఇంగ్లీషులో ఇంకేమన్నా ఉంటే పెట్టురా" అన్నాడు. 'ఇంటర్‌స్టెల్లర్' ల్యాప్‌టాప్‌లో రెడీగా ఉంది. మూడుసార్లు ఊరికి వెళ్ళాను, మూడుసార్లూ ఏదో ఒక సాకుతో వేరే సినిమా పెట్టాను. దసరాకి మళ్ళీ వెళ్తున్నాను. పెడితే వచ్చి చెప్తాను. ఉంటాను మరి.